తెర దగ్గరి మనిషి

గోనెలు ఉతికిన రోజు

మేం తలదాచుకున్న పాత బొగ్గుబాయి రోజువారీ రాత ఇకమీదట నేను రాయాలట. ఇన్నాళ్ళూ రాసిన మల్లయ్య సారుకు చూపు పూర్తిగా పోయింది. నాకు బరువులు ఎత్తడం చేతకాదు. దమ్ము జబ్బు ఉంది కాబట్టి పొయ్యి దగ్గరికి రానివ్వరు. అక్షరాలు వచ్చినవాళ్ళలో ఖాళీగా ఉన్నది నర్సవ్వనైన నేనొక్కదాన్నేనని తేల్చారు. నా చదువు నాలుగో తరగతి. అది కూడా బళ్ళు ఉన్న కాలంలో.

నాలుగు సంగతులు రాస్తే చాలన్నారు. ఫ్యాను తిరిగిందా, నీళ్ళు ఉన్నాయా, ఎవరికైనా జబ్బు చేసిందా, తెర దగ్గరి మనిషి ఏమన్నాడు.

ఫ్యాను తిరిగింది. నీళ్ళు ఉన్నాయి. రాజవ్వకు విరేచనాలు. తెర దగ్గరి మనిషి "సల్లగున్నది" అన్నాడు.

ఇవాళ బాయి మొగదల వేలాడే గోనె తెరలు దించి ఉతికాం. గోనెకు ఉప్పు పట్టి అట్టకడితే నీళ్ళు పీల్చదు. నీళ్ళు పీల్చకపోతే ఫ్యాను లాగే గాలి నిప్పులా లోపలికి వస్తుంది. పొద్దు పొడవకముందే దించి, పొద్దు గుట్ట దాటేలోపు మళ్ళీ కట్టాలి. ఆ తర్వాత బయట ఉన్న మనిషి మనిషిగా తిరిగి రాడు. తెరలు కట్టేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తాడుకు ఒకచోట పీచు లేచింది, మార్చమని చెప్పాను. మరిది వరసైన గట్టయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూశాడు.

"ఓ వదినే, మొన్న పప్పుల పురుగంటివి. నిన్న ఫ్యాను సప్పుడు మారిందంటివి. ఇయ్యాల తాడా? రేపటికి ఏం దాసిపెట్టినవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గోనెలు పిండీ పిండీ చేతులు మొద్దుబారాయి.

సజ్జలు దంచిన రోజు

ఫ్యాను తిరిగింది. నీళ్ళు ఉన్నాయి. రాజవ్వకు కుదిరింది.

తెర దగ్గరి మనిషి నా తమ్ముడు ఓదెలు. బాయిలో నీళ్ళ పంపకం, తగువులు, ఏ విత్తనం ఎప్పుడు పెట్టాలనే మాట, అన్నీ అతనివే. మాట చెల్లుతుంది కాబట్టే తెర దగ్గర కూర్చుంటాడు. పొద్దు ఎక్కినప్పటి నుంచి పొద్దు గూకేదాకా రెండు తెరల నడుమ ఒక్కడే ఉండి గోనెకు నీళ్ళు కొడుతుంటాడు. మేమంతా లోపల, వాలు దిగినకొద్దీ చల్లగా ఉండే చోట ఉంటాం. పిల్లలూ ముసలివాళ్ళూ అన్నిటికన్నా లోపల.

చల్లని గదుల్లో కూర్చున్నవాళ్ళు ఎండలో ఉన్నవాళ్ళ సంగతులు తేల్చీ తేల్చీ లోకాన్ని ఇట్లా చేశారని మా ముందువాళ్ళ కోపం. అందుకే పెద్ద అయినవాడు ఎండ పక్కనే ఉండాలని పెట్టారు. అందరూ తిన్నాక తినాలి. ఆ చోటు కావాలని అడిగినవాళ్ళకి ఇవ్వరు. వద్దన్నవాళ్ళనే కూర్చోబెడతారు. ఓదెలు ఎన్నోసార్లు వద్దన్నాడు. మంచివాడని పేరు వచ్చింది.

ఇవాళ సాయంత్రం కుండలో మాడు మాత్రం మిగిలింది. అదే గీక్కుని తిన్నాడు. అంతకుముందు, ఎప్పటిలాగే, తెర ఎత్తి లోపలికి రాగానే జనమంతా ఒక్క గొంతుతో అడిగారు.

"ఎట్లున్నది పెద్దా?"

"సల్లగున్నది."

పెద్ద ఎప్పుడైనా "కాలుతున్నది" అంటే మేమందరం కింది లెవెల్‌కు దిగాలి. అది పాతకాలం నుంచి ఉన్న కట్టు. కింద చీకటి. గోడలకు ఊట. పంపు ఆగితే నీళ్ళు లేస్తాయి. దమ్ము ఉన్నవాళ్ళు ఆ తేమలో ఎక్కువ కాలం నిలవరు. ఇప్పటిదాకా ఏ పెద్దా ఆ మాట అనలేదు. అందుకే ఏ పూటైనా జవాబు వినగానే తల్లులు పిల్లలకు అన్నం కలపడం మొదలుపెడతారు.

జవాబు చెప్పిన కాసేపటికి, మాడు గీక్కుంటూ, ఎవరూ అడగకుండానే ఓదెలు మళ్ళీ "సల్లగున్నది" అన్నాడు. గోడతో అన్నాడు. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

ఫ్యాను రెక్కలు తుడిచిన రోజు

ఫ్యాను పనంతా చూసేది శ్యామల. చేతిలో ఎప్పుడూ స్పానరు ఉంటుంది. రెక్కలకు పట్టిన దుమ్ము తుడవడానికి నేను పాత చీర ముక్కలు చించి ఇస్తుంటాను. ఇస్తూ నా భయం చెప్పాను.

"మా తమ్ముని పెదాలు పగిలినయ్ బిడ్డా. నన్ను చూసి అవ్వా అని పిలిచిండు. మా అవ్వ పోయి ఎన్నేండ్లాయె."

"ఎండకాలం గాదా పెద్దవ్వా. పెదాలు పగలయా?"

"మనిషికి చెమట వస్తలేదు. నేను సూసిన."

శ్యామల స్పానరు కింద పెట్టింది. విసుక్కోలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"లోపల మంచిగనే ఉన్నది గదా. పిల్లలు ఆడుకుంటున్నరు. పెద్ద సల్లగున్నదంటుండు. నువ్వు ఎండాకాలం ఒక్కటే గాదు, వానకాలం గూడ గిట్లనే భయపడ్తవ్. నీ మాట వట్టుకొని నేను నాలుగువందల మందిని లేవగొట్టాల్నా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నా తమ్ముడికి ఎంత నొప్పి ఉన్నా లేదంటాడు. నాకు ఏమీ లేకపోయినా ఉందంటాను. మా ఇద్దరిలో ఎవరి మాట పట్టుకున్నా ఎండ సంగతి ఎవరికీ తెలియదు.

తీగకు పాదు కట్టిన రోజు

మొదటి తెరకు లోపల, వెలుతురు పడేచోట కాసిని బీరపాదులు ఉన్నాయి. పొద్దు ఎక్కకముందు వెళ్ళి మట్టి ఎగదోసి వచ్చాం. ఆకుల అంచులు నల్లబడ్డాయి. నీడలో ఉన్న ఆకులు. చేత్తో నలిపితే పొడి అయింది. నీళ్ళు తక్కువయ్యాయని అన్నారు. ఇంకా నీళ్ళు పోశాం.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను లేచాను. పొద్దు ఉండగా తెర దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. పెద్ద పడే కష్టం కళ్ళారా చూస్తే జాలిపడి అతని మాటకు ఎదురు చెప్పలేరని, తగువుల్లో న్యాయం చెడుతుందని పెట్టిన కట్టు అది. వాలు ఎక్కుతుంటే దమ్ము ఆడలేదు. గోడ పట్టుకుని నిలబడుతూ వెళ్ళాను. లోపలి తెర పక్కకు జరిపితే, వేడి పెనం మీద ముఖం పెట్టినట్టు అయింది.

ఓదెలు పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నీళ్ళ తొట్టి ఎండిపోయి ఉంది. తన తాగే నీళ్ళ ముంత చేతిలో పట్టుకుని, అరచేతిలో కొంచెం కొంచెం పోసుకుని గోనె మీద చల్లుతున్నాడు. ఒంటిమీద చుక్క చెమట లేదు.

"ఏందే అక్కా, గీడికెందుకొచ్చినవ్? లోపల్కి పో."

"తాగే నీళ్ళు కొడుతున్నవా?"

"తొట్లెవి అయిపోయినయ్."

"దినాం అయిపోతున్నయా?"

గోనె మీద చేయి పెట్టి తడి చూసుకున్నాడు.

"కాలుతున్నదని చెప్పరాదా తమ్మీ."

"నా ఒక్కని తోలు మండిందని గింతమందిని చీకట్లకు తోల్నా?" నాలుక ఎండిపోయి మాట ముద్దగా వచ్చింది. "నాకంటె ముంగట కూసున్నోళ్ళు ఎవ్వలన్న అన్నరా ఆ మాట? ఓదెలు ఓర్వలేకపోయిండు, తన పాణం కోసం పిల్లలను నీళ్ళల్ల వడేసిండు అంటరు."

"వాళ్ళ కాలంల గింత ఎండ లేదు."

"నాకేం ఎర్కనే? నాకు శాతగాక గింత అనిపిస్తుందో, నిజంగనే గింతున్నదో." అది అడిగినట్టుగా అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "దిగితె నువ్వెన్ని దినాలుంటవ్? ఆ దమ్ముతోని?"

ముంత తీసుకుని తాగమని నోటి దగ్గర పెట్టాను. ఒక గుక్క తాగాడు. మిగిలింది గోనెకు కొట్టాడు.

సాయంత్రం అందరూ అడిగారు. సల్లగున్నది అన్నాడు. నేను లేచి నిలబడి అది అబద్ధమన్నాను. తాగే నీళ్ళ సంగతి చెప్పాను. కట్టు దాటి తెర దగ్గరికి ఎందుకు వెళ్ళావని ఎవరో అడిగారు. అప్పుడు ఓదెలే చేయెత్తి జనాన్ని ఆపాడు.

"మా అక్క సంగతి మీకెర్కలేదా? చిన్నప్పుడు నేను తుమ్మితె దవఖానకు ఉరికేది."

అందరూ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. పగిలిన పెదవి మీదికి రక్తం వచ్చింది. తుడుచుకున్నాడు.

పప్పు ఆరబెట్టిన రోజు

ఫ్యాను తిరిగింది. నీళ్ళు ఉన్నాయి. జబ్బులు లేవు. సల్లగున్నది అన్నాడు. అలాగే రాశాను.

పప్పు ఎత్తిన రోజు

ఇవాళ తెర దగ్గరి మనిషి ఏమీ అనలేదు.

పొద్దు గూకినా లోపలికి రాకపోతే గట్టయ్య, ఇంకో ఇద్దరు వెళ్ళారు. తొట్టి మీద వాలి పడి ఉన్నాడట. మంచం మీద వేసి తెచ్చారు. తడిగుడ్డలు చుట్టాం. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ముఖం మీదికి వంగితే నా వెనక ఏదో ఉన్నట్టు చూశాడు. ఒళ్ళు పొయ్యిరాయిలా ఉంది. శ్యామల తన నీళ్ళ వాటా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది.

రేపు పొద్దు ఎక్కేలోపు తెర దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అన్నం తినకుండానే జనం కూర్చున్నారు. మంచం నడుమ ఉంది. ఎవరి పేరు ఎత్తితే వాళ్ళు తల దించుకుని, నేను అంతటిదాన్ని కాదు, నేను అంతటివాణ్ణి కాదు అన్నారు. మా దగ్గర అట్లా అనడమే మర్యాద. వినయానికీ భయానికీ తల ఒక్కతీరుగానే వంగుతుంది. చూసేవాళ్ళకు తేడా తెలియదు. వంచినవాళ్ళకు కూడా తెలియదేమో.

చాలాసేపటికి గట్టయ్య అన్నాడు.

"ఊకె ఏందయ్యా, మా వదినెను కూసోబెట్టుండ్రి. ఆమె లొల్లికి ఎండనే పారిపోతది."

మంచం పక్కన నవ్వకూడదని కొందరు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఒక చేయి లేచింది. ఇంకోటి లేచింది. నా పేరు మీద లేచిన ప్రతి చేయీ, తన పేరు రాకుండా లేచిన చేయి. కాసేపటికి అన్నీ లేచాయి. గట్టయ్యది చివర లేచింది. అతని ముఖంలో నవ్వు లేదు అప్పటికి.

నేను వద్దు అనాలి. మూడుసార్లైనా అనాలి. అనలేదు. సరే అన్నాను. అడిగి తీసుకున్నట్టే ఉందని వెనక ఎవరో గొణిగారు.

తెర దగ్గర కూర్చున్న రోజు

పొద్దున పీట మీద కూర్చున్నాను. తొట్టి నిండుగా ఉంది. తమ్ముడి చేతి జిడ్డు ఇంకా ముంతకు ఉంది. పొద్దు గుట్ట దాటగానే గోనె ఆవిరి కక్కడం మొదలైంది. కొట్టిన నీళ్ళు కొట్టినట్టే ఆరిపోతున్నాయి. దాహం వేసింది, తాగే నీళ్ళు నేనే తాగాను. ఇది కూడా రాయాలి కదా, రాశాను.

పొద్దు నడినెత్తికి రాకముందే తొట్టి అడుగు కనిపించింది. దమ్ము అందడం లేదు. ఇంత వేడి ఉందో, నాకే ఇట్లా అనిపిస్తుందో ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. అది వచ్చినప్పుడే లేచాను. ముంత అక్కడే వదిలి, లోపలి తెర ఎత్తి వాలు దిగాను.

నన్ను చూసి జనం లేచి కూర్చున్నారు. పొద్దు ఉండగా ఏ పెద్దా లోపలికి రాలేదు.

"కాలుతున్నది," అన్నాను. "దిగాలె."

ఎవరూ కదలలేదు. ఒక తల్లి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"వదినే, నువ్వు ఒక్క పూటన్న కూసోలె," అన్నాడు గట్టయ్య. "ఓదెలు ఎండాకాలమంత కూసున్నడు. ఒక్కనాడన్న అన్నడా?"

"అనలె. అందుకే మంచంల ఉన్నడు."

"నీకు నీడ జూసినా భయమే. నీ ఒక్కదాని మాట మీద దిగాల్నా?"

"కట్టు నువ్వు పెట్టింది గాదు, నేను పెట్టింది గాదు. తెరకాడి మనిషి అంటే దిగాలె. నిన్న చెయ్యి ఎత్తింది నువ్వే."

ఇట్లా ఒకరొకరు ఒక మాట అంటూనే ఉన్నారు. అంతసేపూ తెర దగ్గర నీళ్ళు కొట్టేవాళ్ళు లేరు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ముందు వాలు పైన కూర్చున్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. తర్వాత గాలి మా మీదికి వచ్చింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మల్లయ్య సారు కళ్ళు కనిపించకపోయినా తల ఎత్తి, ఎవరు కొలిమి తెరిచారు అని అడిగాడు. రోజూ మా తమ్ముడు ఒంటితో ఆపింది ఇదే.

గట్టయ్య కండువా తడిపి నెత్తిన వేసుకుని తెర దగ్గరికి పరుగెత్తాడు. వెంటనే తిరిగి వచ్చాడు. చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. నా వైపు చూడలేదు.

"పిల్లలను ముంగట దించుండ్రి," అన్నాడు.

దిగిన రోజు

ఫ్యాను ఆపాం. శ్యామల దాని మోటారు విప్పి కింది పంపుకు బిగించింది. పైనున్న సోలారు పలకల నుంచి వచ్చే కరెంటు పంపుకు పోగా రెండు బల్బులకు సరిపోతుంది.

తమ్ముణ్ణి మంచంతోనే దించాం. మలుపు దగ్గర మంచం ఒరిగితే పట్టుకోవడానికి వంగాను. అప్పుడు నన్ను గుర్తుపట్టాడు. చుట్టూ చీకటి చూశాడు.

"చెప్పినవా?"

"చెప్పిన తమ్మీ."

"ఇజ్జత్ తీసినవ్ గదనే అక్కా," అన్నాడు.

కింద మంచం దించేసరికి పోయి ఉన్నాడు. నేను అతని కాళ్ళు సరిచేశాను. సజ్జపిండి తడి తగిలి ఉండకట్టింది, దాన్ని ఆరబెట్టే చోటు వెతికాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. దమ్ము మాత్రం వచ్చింది.

అందరూ అతని గొప్ప చెప్పుకున్నారు. మాడు గీక్కుని తినేవాడని, తాగే నీళ్ళు మనకు పోశాడని. నేను చెప్పినప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్మారు.

ఊట మూల తేల్చిన రోజు

పంపు ఉన్నది అట్టడుగు మూలలో. అక్కడ ఊట ఎక్కువ. పంపు మూతికి బొగ్గుబురద పట్టకుండా ఎవరో ఒకరు పొద్దంతా నీళ్ళలో కూర్చుని తీస్తూ ఉండాలి. నేను నిద్ర లేచేసరికి ఆ నీళ్ళలో ఒక పీట వేసి ఉంది. నా కోసం. జనం రెండు వైపులా నిలబడి దారి ఇచ్చారు. పెద్దను పంపే మర్యాద అది.

నేను కదలలేదు.

"నేను పొడి జాగల కూసుంట," అన్నాను. "ఊటకాడ దినానికొకలు కూసోండ్రి. ఎట్లున్నదో వచ్చి నాకు జెప్పండ్రి."

మొదట వాళ్ళకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖాలు మారాయి.

"పెద్దరికం కావాలె గని తడి వద్దా?" అన్నాడు గట్టయ్య. ఈసారి ఎకసెక్కం కాదు. "ఓదెలుకు అక్కవేనా నువ్వు?"

రాజవ్వ నా కాళ్ళ ముందు ఉమ్మింది. దమ్ము ఉందని సాకు చెబుతోందని ఒకరు అన్నారు. అది సాకు కాదు, కారణమూ కాదు. బాధ ఉన్నచోట కూర్చున్నవాడే మాట చెల్లేవాడు అయితే, తన బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. మా తమ్ముడు మంచి పేరు కాపాడుకుంటూ పోయాడు. ఆ పీట మీద ఎవరు కూర్చున్నా అంతే. ఇదంతా వాళ్ళకు చెప్పాలనుకున్నాను. చెప్పేంత ఊపిరి లేదు. చెప్పినా తప్పించుకునే మాటలాగే వినిపిస్తుంది.

"నన్ను తీసెయ్యాలంటె తీసెయ్యుండ్రి," అన్నాను. "తీసినోళ్ళల్ల ఒకలు పెద్దగ ఆ పీట మీద కూసోవాలె."

తలలన్నీ దిగాయి.

"మొదలు గట్టయ్య," అన్నాను.

నాకు ఈ పూట అన్నం ఎవరూ వడ్డించలేదు. నేనే పెట్టుకున్నాను. అందరికన్నా ముందు పెట్టుకున్నాను.

గట్టయ్య వంతు అయిన రోజు

పంపు తిరిగింది. తాగే నీళ్ళు ఉన్నాయి. ఇద్దరికి దగ్గు. నాకూ ఉంది.

సాయంత్రం అనేది ఇక్కడ తెలియదు. పైన పలకలకు ఎండ తగ్గి బల్బు ఎర్రబడినప్పుడు గట్టయ్య ఊట మూల నుంచి వచ్చాడు. నేను కూర్చున్న బండ ముందు నిలబడ్డాడు. జనం చుట్టూ చేరారు. పంచె పైకి ఎత్తి కాళ్ళు చూపించాడు.

"సూడు! శవం కాళ్ళ లెక్కైనయ్. నడుము వోయింది. బురద తీసినకొద్ది ఎక్కుతనే ఉన్నది. మనిషి కూసునే జాగనా అది? పొద్దుగాల మోకాలు కిందున్న నీళ్ళు ఇప్పుడు మోకాలు మీదికొచ్చినయ్. నువ్వు సుక్క తడవకుంట బండ మీద కూసున్నవ్. సిగ్గులేదా నీకు?"

"లేదు," అన్నాను. "మోకాలు మీదికంటె ఎంత మీదికి?"

కోపంలోనే తొడ మీద చేయి అడ్డంపెట్టి చూపించాడు. వెనక నిలబడ్డ శ్యామల ఆ చేతిని చూసింది. వెళ్ళి ఒక బల్బు తీసేసి ఆ కరెంటు పంపుకు కలిపింది. సగం బాయి చీకటి అయింది. పంపు చప్పుడు పెరిగింది.

"ఇంకేమున్నది?" అన్నాను.

"ఇంకేముంటది? కప్పుకింది పట్టె ఒకటి వంగింది అక్కడ. మీద పడితె సచ్చెటోన్ని."

"ఏ పట్టె?"

చెప్పాడు. చెబుతూ నన్ను తిట్టాడు, నా వంశాన్ని తిట్టాడు. ఓదెలు పేరు ఎత్తి ఆగి, మళ్ళీ తిట్టాడు. జనం అతని వైపే ఉన్నారు. ఆ మూలలో ఇంకా ఏమేం చెడిపోయాయో ఏదీ దాచకుండా ఒక్కొక్కటీ చెప్పేదాకా కూర్చుని రాసుకున్నాను.